రెండో బ్రేకు లేని బండి: నెల్లూరు, ఒంగోలు పాత కార్ల వ్యాపారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యాపార మిత్రులకు,

నేను నెల్లూరులో ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. మీ యార్డుల్లో మొదటి కారు కొనే పిలకాయల్లో చాలామంది అంతకు నెలో రెండు నెలలో ముందు నా పక్కన కూర్చుని క్లచ్చు వదలడం నేర్చుకున్నవాళ్ళే కాబట్టి, మనకు ముఖపరిచయం లేకపోయినా మీరూ నేనూ ఒకే గిరాకీ మీద బతుకుతున్నవాళ్ళం. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను. పద్దెనిమిది నిండి కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన కుర్రవాడికి, డబ్బు కట్టేది తండ్రే గదా అన్న ధైర్యంతో, చేతులు మారిన స్పోర్ట్స్ కారు తాళాలు ఇచ్చి పంపడం మీరు మానుకోవాలని నా విన్నపం. మీ వ్యాపారంలో వేలు పెట్టే హక్కు నాకు లేదని తెలుసు. అందుకే కారణాలు కొంచెం వివరంగా చెప్పుకుంటాను.

నిరుడు వానలు మొదలు కాకముందు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు చేసే ఒక రైతు కొడుకును వెంటబెట్టుకుని మా స్కూలుకు వచ్చాడు. కుర్రవాడు ఆ వేసవిలో నా దగ్గరే నేర్చుకున్నాడు. చురుకైనవాడు, అద్దాలు చూడమని నా చేత రెండోసారి చెప్పించుకోలేదు. ఇంటర్ పూర్తయి ఇంజనీరింగులో చేరాడు. ‘‘అన్నా, వీడు బైకు బైకు అని ప్రాణం తీస్తా ఉండాడు. బైకు కన్నా కారు నయం గదా. ఒక బండి చూశాం, నువ్వొకసారి వచ్చి చూడు’’ అన్నాడు తండ్రి. ముగ్గురం హైవే పక్కనున్న ఒక యార్డుకు వెళ్ళాం. ఎర్ర రంగు, రెండు తలుపులు, వెనక చక్రాలు తోసే విదేశీ బండి. వయసు పదేళ్ళు దాటింది. చెప్పిన ధర కొత్త స్విఫ్ట్ ధరకు కొంచెం అటూ ఇటూగా ఉంది.

వంగి వెనక టైరు పక్కన దుమ్ము తుడిస్తే 1116 అనే నాలుగు అంకెలు కనిపించాయి. అంటే 2016లో పదకొండో వారం తయారైన రబ్బరు. ముందు టైర్లు 2021వి. బండిని తోసేవి వెనక చక్రాలైతే, ముసలి టైర్లు వాటికే ఉన్నాయి. లోపల కూర్చుని తాళం తిప్పాను. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. వెలిగి ఆరకుండా ఉంటే లోపం ఉందని అర్థం. అసలు వెలగకపోతే ఆ లోపాన్ని ఎవరో దాచారని అనుమానించాలి. ఇందులో అసలు వెలగలేదు. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాను. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు మీద, టీ ఒలికి ఆరినట్టు, అడ్డంగా ఒక గోధుమరంగు గీత ఉంది. 2015 డిసెంబరులో ఒకసారి, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మరొకసారి చెన్నైలో వేల బండ్లు నీళ్ళలో నానాయి. ఆరిన తరువాత అవి ఏ దిక్కుకు అమ్ముడుపోతాయో చెన్నైకి కొన్ని గంటల దూరంలో వ్యాపారం చేసుకునే మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇవన్నీ చెబితే ఆ వ్యాపారి నొచ్చుకోలేదు. ‘‘టైర్లదేముంది సార్, వేయించుకుంటారు. ముందు సౌండు వినండి’’ అంటూ స్టార్ట్ చేసి గట్టిగా ఒక రేజ్ ఇచ్చాడు. షెడ్డు నీడన పడుకున్న కుక్క లేచి వెళ్ళిపోయింది. కుర్రవాడి ముఖం చూశాను. అప్పటికి వాడికి నా మాటలు వినిపించే స్థితి దాటిపోయింది. తరువాత ఆయన గేరు పక్కనున్న చిన్న బటన్ చూపించి, ‘‘ఇది నొక్కి పట్టుకుంటే కంట్రోలు ఆఫ్ అయిపోతుంది తమ్ముడూ, అసలు మజా అప్పుడే’’ అన్నాడు. బండి జారబోయేటప్పుడు ఒక్కొక్క చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దాన్ని మళ్ళీ దారిలో పెట్టే ఏర్పాటుకు సంబంధించిన బటన్ అది. ఆ ఏర్పాటునే ఈ.ఎస్.సి. అంటారు. కంపెనీని బట్టి ఈ.ఎస్.పి. అని కూడా రాస్తారు. అమెరికాలో 2012 మోడల్ నుంచి ప్రతి కారుకూ దాన్ని తప్పనిసరి చేశారు. అక్కడ డ్రైవర్ల ప్రాణం కాపాడటానికి పెట్టిన వస్తువును, ఇక్కడ పద్దెనిమిదేళ్ళవాడికి ఎలా ఆపాలో మొదటి పరిచయంలోనే నేర్పారు. ఆయన చెడ్డవాడని నేను అనను. అమ్మేవాడు బండిలో ఉన్న గొప్పలన్నీ చూపిస్తాడు. ఎదుట నిలబడినవాడి వయసు ఎంతో ఆయన ఒక్కసారి తలుచుకోలేదు, అంతే.

ఇక నా వైపు సంగతి. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం నేను కారు నేర్పవలసిన కనీస గడువు 21 రోజులు, అందులో నేర్చుకునేవాడు స్వయంగా నడపవలసింది కనీసం 10 గంటలు. మొదటి మూడు నాలుగు రోజులు హాఫ్ క్లచ్చుకే సరిపోతాయి. తరువాత మాగుంట లేఅవుట్ వీధుల్లో రెండో గేరు, మినీ బైపాస్ మీద మూడో గేరు, ఆఖరి వారంలో అయ్యప్పగుడి దాటి హైవే మీద కాసేపు. నేను 60 దాటనివ్వను. మిగిలిన పొద్దంతా లైసెన్సు పరీక్షకు కావలసిన హెచ్ ట్రాకు, 8 ట్రాకు సాధనకు పోతుంది. ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు, తీసుకున్న 30 రోజులకు పరీక్షకు వెళతాడు, పాసవుతాడు. ఇంతా చేసి వాడు నడిపింది సుమారు 48 హార్స్ పవర్ ఇంజనున్న ఆల్టో. అందులో ఎడమ సీటు దగ్గర, నా కాలి కింద, ఇంకొక బ్రేకు ఉంటుంది. షేర్ ఆటో ఉన్నట్టుండి ఆగినప్పుడు, ఎవరో గడ్డిమోపు కట్టుకుని మోపెడ్ మీద రాంగ్ రూట్లో ఎదురొచ్చినప్పుడు, బండిని ఆపింది తానేనని ప్రతి కుర్రవాడూ నమ్ముతాడు. చాలాసార్లు ఆపింది నేను. ధైర్యం చెడుతుందని వాళ్ళకు ఆ మాట చెప్పను. బహుశా అక్కడ తప్పు నాదే.

నా దగ్గర 10 గంటలు నడిపినవాడికి దొరికే ఎల్.ఎం.వి. లైసెన్సు 7,500 కిలోల లోపు ఏ తేలికపాటి వాహనానికైనా చెల్లుతుంది. 48 హార్స్ పవర్ ఆల్టోకూ అదే, 2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన సుమారు 400 హార్స్ పవర్ మస్టాంగ్‌కూ అదే. మిగిలిన లోకమంతా ఇలా లేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా వంటి రాష్ట్రాల్లో కొత్త డ్రైవర్లు, బరువును బట్టి లెక్క వేస్తే టన్నుకు 130 కిలోవాట్లు దాటిన కారు నడపకూడదు. ఇటలీలో కొత్తగా లైసెన్సు పొందినవాళ్ళకు అటువంటి హద్దే ఇంకా తక్కువగా పెట్టి, 2024 డిసెంబరు నుంచి దాన్ని మొదటి మూడేళ్ళకు వర్తింపజేశారు. న్యూజిలాండ్ 1987లోనే లైసెన్సును మెట్లు మెట్లుగా ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. మొదట కొన్ని నెలలు రాత్రి నడపకూడదు, పక్కన స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు, ఆ మెట్టు దాటాకే పూర్తి లైసెన్సు. మన చట్టంలో ఆ మెట్లు లేవు. నిన్నటిదాకా నా బ్రేకు చాటున నడిపినవాడికి ఈ రోజు అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. చట్టం వదిలేసిన ఆ ఖాళీలో, తాళం చేతికిచ్చే ఆఖరి మనిషి మీరు.

కుర్రవాళ్ళు స్పోర్ట్స్ కారును ఇష్టపడటం నాకు తప్పుగా తోచదు. ఇష్టమైన బండిని తుడుచుకుంటారు, గీత పడితే బాధపడతారు, ఇంజను గురించి తెలుసుకుంటారు. స్పాయిలరు, నల్ల స్టిక్కర్లు, ఎర్ర బ్రేకు కాలిపర్లు చూసి నేను భయపడను. నూరు హార్స్ పవర్ హ్యాచ్‌బ్యాక్‌కు ఎన్ని స్టిక్కర్లు వేసుకున్నా అది నూరు హార్స్ పవర్ హ్యాచ్‌బ్యాకే. మరోవైపు 2017లో వచ్చిన ఆక్టేవియా వీ.ఆర్.ఎస్. చూడటానికి ఉద్యోగస్తుడి సెడాన్‌లా ఉంటుంది, లోపల 230 హార్స్ పవర్ ఉంటుంది, నిలబడినచోటు నుంచి ఏడు సెకన్ల లోపే నూరు అందుకుంటుంది. ఆకారం చూసి తండ్రులు మోసపోతారు. మీరు మోసపోరు, ఎందుకంటే లోపల ఏముందో మీకు తెలుసు.

నూరు కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి కన్ను మూసి తెరిచే సెకనులో 28 మీటర్లు దాటుతుంది. మంచి టైర్లతో, పొడి రోడ్డు మీద, 60లో బ్రేకు వేస్తే సుమారు 20 మీటర్లలో ఆగే బండికి 120లో సుమారు 80 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలని ఇంటర్ ఫిజిక్సులో రాసి మార్కులు తెచ్చుకున్న పిలకాయలే వీళ్ళు. అయితే ఆ లెక్క కాలికి తెలియాలంటే ఏళ్ళు పడుతుంది. పైగా మన 16వ నంబరు జాతీయ రహదారి నున్నగా, వెడల్పుగా, పందేలకు వేసినట్టు కనిపిస్తుంది గానీ, మధ్యలో పల్లెల కోసం వదిలిన డివైడరు సందులు ఉన్నాయి. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఉన్న నూట ఇరవై కిలోమీటర్లలో, ఆ సందుల్లోంచి ట్రాక్టరు ఎప్పుడు ముక్కు బయటపెడుతుందో, బర్రెల మంద ఎప్పుడు దాటుతుందో ఎవరూ చెప్పలేరు. రాత్రిపూట కృష్ణపట్నం పోర్టు లారీ వెనక దీపం లేకుండా రోడ్డు పక్కన ఆగి ఉంటుంది. చీమకుర్తి గ్రానైటు బండ మోసుకొచ్చే లారీ మలుపు తిరగడానికి రోడ్డంతా తీసుకుంటుంది. పొద్దుగూకే వేళ రొయ్యల ప్లాంట్ల నుంచి, పొగాకు గోదాముల నుంచి ఆడకూలీలు ఆటోల్లో పదేసి మంది ఇళ్ళకు పోతుంటారు. వీళ్ళలో ఎవరికీ ఎయిర్‌బ్యాగులు లేవు. కారులో ఉన్నవాడి భద్రత గురించి మనం ఎంత మాట్లాడుకున్నా, ఆ బండి ఎదుట పడేవాళ్ళు వీళ్ళు.

మన వానలు కార్తీకంలో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, రోడ్డు మీద నీళ్ళు పలచటి పొరలా నిలుస్తాయి. స్పోర్ట్స్ కారుకు ఉండే వెడల్పు టైరు, గాళ్ళు అరిగిపోతే, ఆ పొర మీద సన్న టైరు కన్నా ముందే తేలిపోతుంది. వెనక చక్రాలు తోసే బండిలో, మలుపు మధ్యలో యాక్సిలరేటరు ఇంకొంచెం తొక్కితే, తోక పక్కకు విసురుతుంది. అప్పుడు బ్రేకు మీదికి ఎగిరే కాలును ఆపుకుని, చక్రాన్ని జారే వైపుకే తిప్పాలి. ఈ పాఠం నా స్కూలులో లేదు. ఆల్టోలో నేర్పలేను కూడా.

‘పాత’ అన్న మాట గురించి తండ్రులకు ఎవరూ సరిగా చెప్పడం లేదు. బండి ధర ఏడాదికేడాది పడిపోతుంది గానీ దాని మీద అయ్యే ఖర్చు పడిపోదు. అరవై లక్షల బండి పదేళ్ళకు పది లక్షలకు దొరకవచ్చు. దాని టైర్లు, బ్రేకు డిస్కులు, షాకులు మాత్రం ఈనాటికీ అరవై లక్షల బండివే. విడిభాగం చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాలి. కొనేటప్పుడు తండ్రి ఉంటాడు, మరమ్మతుకు వచ్చేసరికి పిల్లవాడి చేతి ఖర్చు డబ్బులే ఉంటాయి. అరిగిన టైరు గురించి ఇంట్లో చెబితే బండి అమ్మేస్తారన్న భయంతో వాడు చెప్పడు. మూడు బ్రేకు ప్యాడ్లు బాగున్నాయి, ఒకటి కీచుమంటోంది అన్నది ఇంటికి చేరని వార్త. స్నేహితుడి సలహాతో ఇంజను కంప్యూటరును రీమ్యాప్ చేయించి ఇంకో ముప్పై హార్స్ పవర్ ఎక్కిస్తాడు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను బండికి అటువంటి మార్పులు ఒప్పుకోదనీ, చెప్పకుండా చేసిన మార్పు కనబడితే బీమా కంపెనీ చేతులు దులుపుకోవచ్చుననీ వాడికి తెలియదు. కొత్త స్విఫ్ట్ ధరకే వచ్చిందని మురిసిన తండ్రి, నిజానికి కొన్నది ఒక పెద్ద బండి బాకీని.

ఖరీదైన విదేశీ బండి గనుక గట్టిదే అయి ఉంటుందని ఇంకొక నమ్మకం. 2017 జనవరిలో, కార్లను గుద్దించి భద్రత తేల్చే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో మస్టాంగ్‌కు అయిదింటికి రెండే నక్షత్రాలు వచ్చాయి. మార్పులు చేశాక అదే ఏడాది మూడు వచ్చాయి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశపు పోలోను పరీక్షిస్తే, ఎయిర్‌బ్యాగులు లేనిదానికి సున్నా, రెండు ఎయిర్‌బ్యాగులున్నదానికి నాలుగు నక్షత్రాలు. బండి ఒకటే, తేడా ఆ రెండు సంచులది. అదే పరీక్షలో ఆల్టోకు కూడా సున్నాయే వచ్చిందని ఒప్పుకోవాలి. అందుకే, స్పోర్ట్స్ కారు వద్దంటే పిల్లవాడికి ఇరవై ఏళ్ళ నాటి చిన్న కారు అంటగట్టమని నా అర్థం కాదు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏ.బి.ఎస్. కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఆ తరువాత రెండు మూడేళ్ళలో. కాబట్టి 2022కి ఇటు తయారైన, మధ్యరకం శక్తి ఉన్న, ఈ.ఎస్.సి. ఉన్న హ్యాచ్‌బ్యాకో సెడానో పద్దెనిమిదేళ్ళవాడికి సరిపోతుంది. అవీ మీ యార్డుల్లోనే ఉన్నాయి. కాకపోతే అవి వెనక వరసలో ఉంటాయి, ఎర్ర బండి గేటు దగ్గర ఉంటుంది.

బైకు కన్నా కారు నయమన్న తండ్రి మాట అబద్ధం కాదు. నాలుగు చక్రాలు, చుట్టూ రేకు, బెల్టు ఉన్నచోట పిల్లవాడు బతికే అవకాశం ఎక్కువే. అయితే బైకు మీద ఇద్దరే పడతారు. కారులోకి నలుగురైదుగురు ఎక్కుతారు, శనివారం రాత్రి మైపాడు బీచికో కొత్తపట్నం బీచికో బయలుదేరతారు, ఒకడు వెనక నుంచి ఫోనులో వీడియో తీస్తుంటాడు. పక్కన తోటి వయసువాళ్ళు ఉన్నప్పుడు టీనేజి డ్రైవరుకు ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో పలు అధ్యయనాలు తేల్చాయి. అది తెలుసుకోవడానికి నాకు అధ్యయనాలు అక్కరలేకపోయింది. పాఠం మధ్యలో స్నేహితుడు పక్కన బైకు మీద కనబడితే చాలు, నా శిష్యుడి కాలు బరువెక్కుతుంది.

పద్దెనిమిది నిండనివాళ్ళ గురించి ఎక్కువ రాయను, అక్కడ చట్టమే గట్టిగా మాట్లాడింది. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షను కింద, మైనరు నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు, ఆ పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. 2024 మే 19న పుణేలో పదిహేడేళ్ళ బాలుడు నడిపిన పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయినప్పుడు, ముందుగా బెయిలు షరతుల్లో మూడు వందల పదాల వ్యాసం రాయమన్నారని దేశమంతా కోపగించుకుంది. ఆ బండికి శాశ్వత రిజిస్ట్రేషను కూడా కాలేదు. ఆ రోజు అందరూ కోర్టును, తండ్రిని తిట్టారు. నాకు మాత్రం తాళం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన క్షణమే గుర్తొస్తూ ఉంటుంది.

మీ మీద కూడా బాధ్యత ఉంది, అది నేను మోపుతున్నది కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ నియమాల ప్రకారం పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. బండి మీ దగ్గరికి చేరినట్టు తెలియజేశాక, అమ్ముడుపోయేంతవరకు దానికి మీరే యజమాని కింద లెక్క. ఏ ట్రిప్పుకు బయటికి తీశారో రిజిస్టరులో రాయాలి. అంటే లైసెన్సు చూడకుండా ట్రయల్ ఇచ్చిన పూట ఏదైనా జరిగితే దోషుల వరసలో మీరు ముందుంటారు. ఇక యజమాని పేరు మార్చకుండా, ఆ మార్పుకు కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి సొరుగులో పడేసి, బండిని మాత్రం నాలుగు చేతులు మార్చే అలవాటు ఒకటి మన దగ్గర ఉంది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషనులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి బాధ్యుడు అతడేనని చెప్పింది. మీకు బండి అమ్మిన ఆ మొదటి పెద్దమనిషి, ఒంగోలులో నిద్రపోతూ, నెల్లూరు కుర్రవాడి వేగానికి పూచీ పడుతున్నాడన్నమాట.

‘‘మేము అమ్మకపోతే బెంగళూరు వెళ్ళి తెచ్చుకుంటారు’’ అని మీరు అంటారు. నిజమే. ముత్తుకూరు కుర్రవాడి విషయంలో అదే జరిగింది. ఆ ఎర్ర బండిని తండ్రి వద్దన్నాడు. ఇరవై రోజులకు కుర్రవాడు అలాంటిదే ఇంకో బండి వేసుకుని మా స్కూలు ముందు ఆగాడు, వేరే ఊరి నుంచి తెచ్చుకున్నది. టైర్లు కొత్తవి, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరింది, బెల్టు చివరిదాకా శుభ్రంగా ఉంది. నేను ఆ రోజు చూసినవన్నీ వాడు గుర్తుపెట్టుకుని చూసి కొన్నాడు. నాకు ముచ్చటేసింది. ‘‘ఒక రౌండు వెళ్ళొద్దాం రండి సార్’’ అంటే ఎక్కాను. పెన్నా వంతెన దాటి, 2021 నవంబరు వరదకు తెగిన పడుగుపాడు దగ్గరి రోడ్డు మీదుగా కోవూరు వైపు పోతున్నాం. 80లో చక్కగా నడుపుతున్నాడు. ముందున్న లారీని దాటడానికి కాలు నొక్కాడు. నేను ‘‘చాల్లేరా’’ అనేలోపే ముల్లు 130 దగ్గరుంది. లోపల ఏ శబ్దమూ లేదు, స్టీరింగు వణకలేదు, నీళ్ళ సీసా కూడా కదలలేదు. లారీ తప్పుకోగానే, ఎడగారు పంట కోతల గడ్డి వేసుకున్న ట్రాక్టరు డివైడరు సందులోంచి మెల్లగా రోడ్డు మీదికి వస్తోంది.

నా కుడికాలు తనంతట తాను నేలను తొక్కింది. అక్కడ కార్పెట్ మ్యాటు తప్ప ఏమీ లేదు. కుర్రవాడు బ్రేకు తొక్కాడు. ఏ.బి.ఎస్. గరగరలాడింది, బెల్టు ఛాతీని పట్టేసింది, ట్రాక్టరుకు రెండు కార్ల దూరంలో బండి నిలిచింది. గడ్డి మీద కూర్చున్న మనిషి మమ్మల్ని చూసి ఏదో తిట్టి ముందుకు పోయాడు. కుర్రవాడు నా వైపు తిరిగి నవ్వి, ‘‘చూశారా సార్, బ్రేకులు ఎట్లా ఉండాయో’’ అన్నాడు.

ఆ మాటే ఈ లేఖ రాయించింది. వాడు ఆ రోజు నేర్చుకున్నది తన తప్పును కాదు, బండి గొప్పతనాన్ని. మా ఆల్టో 90 దాటితే ఒళ్ళంతా వణుకుతుంది, ఇంజను అరుస్తుంది, అద్దాల్లోంచి గాలి హోరుమంటుంది. ఆ వణుకే కొత్తవాడికి గురువు. మంచి బండి 130లో కూడా 60లో ఉన్నట్టే ఉంటుంది. అనుభవం ఉన్నవాడికి అది సుఖం. లేనివాడికి, చేసిన ప్రతి పొరపాటునూ తుడిచేసి నీకేం కాదని చెప్పే చెడు స్నేహం. నేను పక్కన కూర్చుని చేసిన పనే ఆ బండీ చేసింది, తప్పును వాడికి తెలియనివ్వకుండా ఆపింది. నా బ్రేకుకు 60 దాకానే పని ఉండేది. దాని బ్రేకుకు ఎంత దాకా పని పడుతుందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

మిమ్మల్ని నేను అడిగేవి పెద్దవి కావు. లైసెన్సు తీసుకుని ఏడాది కానివాడు వస్తే గేటు దగ్గరి బండిని కాకుండా వెనక వరసను ముందు చూపించండి. అదే కావాలని పట్టుబడితే, సంవత్సరం మామూలు బండి నడిపి రమ్మని, అప్పుడు ఈ బండినే మంచి ధరకు ఇప్పిస్తానని చెప్పండి. గిరాకీ పోదు, మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. టైరు మీది నాలుగు అంకెలు, ఎయిర్‌బ్యాగ్ దీపం, బెల్టు చివర, ఈ మూడూ తండ్రి చేతనే చూపించండి. దాచవలసిన అవసరం లేని బండినే యార్డులోకి రానివ్వండి. ట్రయల్‌కు లైసెన్సు అడగండి, మీ మనిషిని పక్కన కూర్చోబెట్టండి. ఆ బటన్ సంగతి మాత్రం వాడు అడిగినా చెప్పకండి.

నా వంతు నేనూ చేస్తాను. ఆదివారాలు ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు పాఠాలు ఉండవు. ఇరవై లోపు వయసున్నవాడికి కాస్త శక్తిగల బండి ఏది అమ్మినా, తాళం ఇచ్చే ముందు ఒక ఆదివారం నా దగ్గరికి పంపండి. గంట సేపు వాడి పక్కన కూర్చుని కొడవలూరు దాకా వెళ్ళి వస్తాను. రుసుము అక్కరలేదు. ఒకటే షరతు, ఆ గంట తండ్రి కూడా బండిలో ఉండాలి. రెండు తలుపుల బండి అయితే వెనక సీట్లోకి ఎలా దూరాలో ఆయనే చూసుకోవాలి.

ఇట్లు,
భవదీయుడు,
డ్రైవింగ్ స్కూలు మాస్టరు,
నెల్లూరు